కండెల మిషను వచ్చిన అమావాస్య

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసినప్పుడు మా లెక్కల అయ్యవారు ఇంటికి వచ్చారు. బిడ్డను మళ్ళీ బడికి పంపమని బతిమాలడానికి వచ్చి ఉంటారని మా అమ్మ గబగబా కుర్చీ తుడిచి వేసింది, లోటాడు మజ్జిగ ఇచ్చింది. ఆయన మజ్జిగ మొత్తం తాగి, మూతి తుడుచుకుని, "ఏమమ్మా, వీడు మళ్ళీ మనసు మార్చుకోడు గదా?" అని అడిగారు. మార్చుకోడని మా అమ్మ చెప్పాక నెమ్మదిగా లేచి వెళ్ళిపోయారు.

అంత చదువు చదివినవాడికి కొత్త యంత్రాల గురించి మాట్లాడే అర్హత ఉందా అని మీరు అడగవచ్చు. ఉంది. వాటి గురించి ఏమీ తెలియకుండానే పన్నెండేళ్ళు మైకులో మాట్లాడాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు చేతిలో ఫోను పట్టుకుని, అందులోనే ఇంకో కొత్త ఫోను విడుదల సభ చూస్తోంది. పెద్ద వేదిక. ఒకాయన అటూ ఇటూ నడుస్తూ చేతులు ఊపుతున్నాడు. ఆయన ఏం చెప్పినా జనం చప్పట్లు. ఈ పిల్ల మాత్రం ఆవలించింది.

"ఏమ్మే, కొత్త ఫోనంట గదా?" అన్నాను.

"పోయినేడు వచ్చిందే తాతా. వెనక ఇంకో కన్ను పెట్టినారు, అంతే. ఈ సభల్లో ముందు మాదిరి మజా లేదు ఇప్పుడు."

పిల్లకు పదహారేళ్ళు. "ముందు" అంటే ఆమె లెక్కలో మూడేళ్ళ కిందట. నేను నవ్వాను గానీ, ఆ మాట మాత్రం నన్ను పట్టుకుంది. మజా పోయిందంటే, అసలు అది ఎవరి దగ్గర ఉండేది? నాకు తెలిసిన ఒక అక్కను అడిగితే వేరే జవాబు చెబుతుంది. చెప్పింది కూడా. అది రాయడానికే కూర్చున్నాను.

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఒక దుకాణం ఉండేది. పంపు స్టవ్వులు, కుట్టు మిషన్లు, ప్రెషర్ కుక్కర్లు, పత్తికి మందు కొట్టే స్ప్రేయర్లు, ఏది కొత్తగా వస్తే అది మా ఓనరు తెప్పించేవాడు. నేను ఆయన దగ్గర పనికి కుదిరింది సరుకు మోయడానికి. నెల తిరగకముందే నా చేతులకంటే నోరు బాగా పని చేస్తుందని ఆయన కనిపెట్టాడు. ఒక పాత వ్యాను కొని, దాని నెత్తిన రెండు బాకాలు కట్టించి, మైకు నా చేతిలో పెట్టాడు. డెబ్బైలలో మా వైపు కొత్త వస్తువు విడుదల అంటే అదే. వ్యాను ఊరి మధ్యలో ఆగడం, నేను గొంతు సవరించుకోవడం, పిల్లలు చక్రాల చుట్టూ చేరడం, పెద్దవాళ్ళు చేరనట్టు నటిస్తూ దగ్గరకు రావడం.

అప్పట్లో మాకు చప్పట్లు కొట్టినవాడు ఒక్కడు లేడు. జనం వచ్చేది తప్పు పట్టడానికి. గోనెగండ్లలో ఒకసారి ప్రెషర్ కుక్కరులో అన్నం, పప్పు పది నిమిషాల్లో వండి చూపించాను. విజిలు వేసినప్పుడు సగం మంది పరిగెత్తారు, మిగిలిన సగం మంది పరిగెత్తినవాళ్ళను చూసి నవ్వారు. మూత తీస్తే ఆవిరి, మెత్తటి పప్పు. నేను గెలిచాననే అనుకున్నాను. అప్పుడొక అవ్వ ముందుకొచ్చి లోపలికి తొంగి చూసింది.

"అబ్బీ, ఇందులో సంగటి యట్ల కెలికేది?"

"దీంట్లో కెలకాల్సిన పనే లేదవ్వా. మూత బిగిస్తే సాలు."

"మూత బిగిస్తే తెడ్డు యాడ పెట్టల్ల? ఆ కూత పెట్టే బొక్కలోనా?"

ఊరంతా ఒకటే నవ్వు. ఆ రోజు ఒక్క కుక్కరు కూడా వ్యాను దిగలేదు. జొన్న సంగటి తినే ఊళ్ళో, కెలకడానికి వీల్లేని గిన్నెను పట్టుకుని నేను గంటసేపు అరిచానన్నమాట. ఓడిపోయినా ఆ రోజు దారి పొడుగునా నేనూ డ్రైవరూ పగలబడి నవ్వుకుంటూనే వచ్చాం.

అట్లా ఊరూరూ తిరుగుతుండగా కండెల మిషను వచ్చింది.

నేత పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మగ్గం మీద నిలువు దారాలు పడుగు, అడ్డంగా పోయే దారం పేక. ఆ పేక దారాన్ని చిన్న గొట్టానికి చుట్టి, నాడెలో పెట్టి, ఇటు నుంచి అటు విసురుతారు. దారం చుట్టిన ఆ గొట్టమే కండె. మగవాడు మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే, ఆడవాళ్ళు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ అందించాలి. కుడి చేత్తో చక్రం తిప్పాలి, ఎడమ చేత్తో దారం పట్టాలి. ఎమ్మిగనూరులో ఆ రోజుల్లో ఏ వీధిలోకి వెళ్ళినా ముందు వినిపించేది ఆ రాట్నాల చప్పుడే. కొత్త మిషను కరెంటుతో నడుస్తుంది. ఒకేసారి నాలుగు కండెలు చుడుతుంది. దాన్ని వెంటబెట్టుకుని కోయంబత్తూరు నుంచి ఒక ఇంజనీరు కూడా దిగాడు. ఇస్త్రీ నలగని ప్యాంటు, జేబులో మూడు పెన్నులు.

ఎప్పుడు పోదామంటే, "అమావాస్య నాడు," అన్నాను నేను.

మా ఓనరు ఉలిక్కిపడ్డాడు. "అమావాస్య పూట కొత్త సరుకు యెవడన్నా దించుతాడేమిరా?"

"అన్నా, నేసేవాళ్ళు మగ్గం గుంతలో కాలు పెట్టనిది ఆ ఒక్క పొద్దే. తక్కిన దినాల్లో పోతే మన మిషనును మన డ్రైవరే సూడల్ల."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. వ్యాను చక్రాల కింద రెండు నిమ్మకాయలు, మిషను కింద విడిగా రెండు పెట్టించాడు. మిషనుకు పసుపు, కుంకుమ పూస్తుంటే ఇంజనీరు "బేరింగులో పడకూడదు, బేరింగులో పడకూడదు," అంటూ చేతి రుమాలుతో వెనకాలే తుడుస్తూ తిరిగాడు.

అమావాస్య ఉదయం ఎమ్మిగనూరులో మగ్గాలు ఆగాయి గానీ రాట్నాల చప్పుడు ఆగలేదు. మరుసటి రోజు మగ్గం నడవాలంటే కండెలు ముందే చుట్టి ఉంచాలి కదా. అమావాస్య సెలవు మగ్గానికే, రాట్నానికి లేదు. ఆ తేడా అప్పటికి నాకు తట్టలేదు. మీటరు ఉన్న ఒక ఇంటి కిటికీలోంచి వైరు లాగి, వీధిలో బల్ల వేసి మిషను పెట్టాం. మగవాళ్ళంతా అరుగుల మీద చేరారు.

ఇంజనీరు మీట నొక్కాడు. కండెలు తొడిగిన నాలుగు కదుళ్ళూ గిర్రుమన్నాయి. నేను మైకులో అరుస్తున్నాను. జనం చూస్తున్నారు గానీ కదలడం లేదు. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. అట్లాంటి సభను లేపడానికి నా దగ్గర ఒకే మందు ఉండేది, ఎవరినో ఒకరిని ముగ్గులోకి దింపడం.

"ఈ వీధిలో కండెలు బిరబిరా సుట్టేది యెవరప్పా?" అని అడిగాను.

అందరూ వీధి చివరి ఇంటి వైపు చూశారు. అక్కడొక అక్క. నలభై దాటి ఉంటాయి. ఆమె భర్త నేతగాడే, రెండేళ్ళ కిందట పోయాడు. ఆయన మగ్గం గుంతను మట్టితో పూడ్చి, అలికి, దాని మీదనే రాట్నం పెట్టుకుంది. అయిదు ఇళ్ళ మగ్గాలకు కండెలు చుట్టి ఇస్తుంది. ఆ రాట్నం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఈ సంగతులన్నీ వ్యాను ఆగగానే అరుగు మీదివాళ్ళు నాకు చెప్పారు. కాబట్టి తెలియక చేశానని ఇప్పుడు రాయలేను. తెలిసే పిలిచాను. సభ లేవాలి, అంతే నాకు కావలసింది.

"రా అక్కా! మిషను ఒకపక్క, నువ్వు ఒకపక్క. తలా ఇరవై నాలుగు కండెలు. యెవరు ముందు?"

ఆమె రానంది. వీధి ఊరుకుంటుందా? నలుగురు ఆడవాళ్ళు రాట్నాన్ని ఎత్తుకొచ్చి బల్ల పక్కన పెట్టారు. ఆమె వచ్చి కూర్చుంది, నూలు పోగుల చుట్టను, అంటే చిలపను, నీళ్ళ గిన్నెలో ముంచి పిండింది. ఇంజనీరు చిలప మాత్రం పొడిగా, శుభ్రంగా, కాగితంలోంచి తీసింది.

పందెం మొదలైంది. ఇక చూడండి, అంతవరకు రాళ్ళలా కూర్చున్న జనం ఒక్కసారి లేచి నిలబడ్డారు. నా నోటికి పట్టపగ్గాలు లేవు.

"సూడండప్పా సూడండి, మిషను యెనిమిది సుట్టింది, అక్క రెండు! అక్కా, మిషనుకు సెమట కూడా పట్టలేదే!"

ఆమె తల ఎత్తకుండానే అంది, "దానికి నీ మాదిరి నోరు ఉండింటే అది కూడా పని ఇడిసిపెట్టి మాట్లాడుతాండె."

వీధి ఘొల్లుమంది. నేనూ నవ్వాను. కానీ మైకు పట్టుకున్నవాడు ఎత్తున నిలబడతాడు, అక్కడి నుంచి అన్నీ కనిపిస్తాయి. ఆమె మాటకు అందరూ నవ్వారు గానీ ఆమె నవ్వలేదు. చక్రం తిప్పే చేయి ఆగకుండా తిరుగుతోంది, కళ్ళు మాత్రం ఒక్కొక్క కండెకూ మిషను వైపు వెళ్ళి వస్తున్నాయి. ఆ చూపు పందెం ఓడిపోతున్నవాళ్ళ చూపు కాదు. రేపటి నుంచి ఏం చేయాలో లెక్క వేసుకుంటున్నవాళ్ళ చూపు. నా నోటి దాకా వచ్చిన తర్వాతి జోకు అక్కడే ఆగిపోయింది. పన్నెండేళ్ళలో అట్లా జరిగింది అదే మొదటిసారి.

మిషను ఇరవై నాలుగు ముగించింది. ఆమెవి అప్పటికి ఏడు.

ఇంజనీరు పెన్ను తీశాడు, ఆర్డర్లు రాసుకోవడానికి. అప్పుడు ఒక ముసలి నేతగాడు, వీధిలో అందరూ తాత అనేవాళ్ళు, మిషను చుట్టిన కండెను బొటనవేలితో నొక్కి చూశాడు.

"సుట్టేది అయిపోయింది సరే. నేసేది యెవరు సూసినారు? కండె మంచి సెడ్డా నాడెలో తెలుస్తాది."

"అయితే ఇప్పుడే నేయండి, చూద్దాం," అన్నాడు ఇంజనీరు.

"ఈ పొద్దా?" తాత ఆయనను ఎగాదిగా చూశాడు. "అమావాస్య నాడు మగ్గంలో కాలు పెడతారా యెవరైనా? రేపు పొద్దున."

ఇంజనీరు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోవాలి. ఎంత చెప్పినా ఒక్క నేతగాడు కదలలేదు. అమావాస్య నాడు పోదామని తెలివిగా ముహూర్తం పెట్టినవాణ్ణి నేనే కాబట్టి ఓనరు నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు గురించి రాయను. అందరం ఎమ్మిగనూరులోనే ఆగిపోయాం. ఇంజనీరుకు లాడ్జి, మాకు వ్యాను. ఊరంతా ఆ పూట ఒకటే మాట: నిలుస్తాదా, తెగుతాదా? టీ కొట్టులో నేను ఎవరి పక్కన కూర్చున్నా అదే. ఒక వస్తువు విడుదల రెండు రోజుల పాటు నడవడం, దాని ఫలితం కోసం ఊరు ఊరంతా తెల్లవారడం కోసం ఎదురుచూడడం, నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

పొద్దున్నే తాత ఇంటి ముందు నేల ఈనినట్టు జనం. తాత మగ్గానికి దండం పెట్టి గుంతలోకి దిగాడు. మొదట అక్క చుట్టిన కండె. నాడె అటూ ఇటూ ఎగిరింది, దారం మెత్తగా సాగింది, కండె ఖాళీ అయ్యేదాకా ఎక్కడా ఆగలేదు. తర్వాత మిషను కండె. నాలుగు విసుర్లు బాగానే పోయింది. అయిదో విసురుకు టప్పుమని తెగింది. ముడి వేశాడు. మళ్ళీ తెగింది. ఇంకో కండె పెట్టాడు. అదీ అంతే.

"నూలు మంచిది కాదు," అన్నాడు ఇంజనీరు.

"నూలు అదే నాయనా, రెండూ ఒక కట్టలోవే," అన్నాడు తాత. "మా నూలు ముతకది. తడిపి సుడితే అణిగి పోతాది. నువ్వు ఎండుది లాగి లాగి సుట్టినావు."

మిషను కండెల్నే నీళ్ళలో నానబెట్టి చూశారు. బిగువుగా చుట్టినవి కదా, లోపలికి నీరు ఎక్కలేదు, పైపొరలు ముద్దగా జారాయి. అయితే తడి నూలునే మిషనుకు పెడదామన్నారు. ఇంజనీరు వద్దంటూనే ఉన్నాడు. ఆయన మాట వినేవాళ్ళెవరు? రాట్నానికి ఎట్లా చేస్తారో అట్లాగే, చిలపను గిన్నెలో ముంచి, సగం పిండి, మిషనుకు తగిలించి, మీట నొక్కేశారు. మా నేతగాళ్ళ చేతి అలవాటు అది.

నాలుగు కదుళ్ళూ నాలుగు వైపులా నీళ్ళు చిమ్మాయి. ముందు ఇంజనీరు ప్యాంటు తడిసింది. తర్వాత మిషను మీద చేయి వేసిన ఒకాయన "అమ్మో, జుమ్మంటాందప్పా!" అని ఎగిరి దూకాడు. తర్వాత ఠప్పుమని ఒక చప్పుడు. మీటరు ఇంట్లో రేడియో ఆగిపోయింది. పక్కింట్లో రేడియో ఆగిపోయింది. వీధిలో ఉన్న కాస్త కరెంటూ పోయింది. ఆ తర్వాత లేచిన కేరింతలు ఆదోని దాకా వినిపించి ఉంటాయి. మైకు కూడా చచ్చిపోయింది గాబట్టి నేను ఉత్త గొంతుతోనే అరిచాను. ఎవరి పక్షాన అరిచానో నాకే తెలియదు. మా ఓనరు మాత్రం నిమ్మకాయల వైపు చూస్తూ కూర్చున్నాడు.

మిషనును వ్యానులోకి ఎక్కిస్తుంటే అక్క వచ్చింది. వీధి ఆడవాళ్ళు ఆమె బుగ్గలు పుణికి వదిలారు. ముఖానికి ఎవరో పూసిన పసుపు. గెలిచిన మనిషి కదా, నన్ను నాలుగు మాటలు అనడానికే వచ్చిందనుకున్నాను.

"అబ్బీ," అంది మెల్లగా, "తడి నూలు సుట్టే మిషను ఎప్పుడొస్తాది?"

నేను మిషనుకు తాడు బిగిస్తూ అన్నాను, "రాదులే అక్కా. ఇదే ఇట్లయితే అదెక్కడొస్తాది?"

"అబద్ధం కూడా మైకులో సెప్పినట్లే గట్టిగా సెప్తాండావే," అంది. అని, రాట్నం తీసుకోవడానికి వెళ్ళిపోయింది.

వీధి మొత్తం మీద ఆ రోజు జరిగింది అర్థమైన మనిషి ఆమె ఒక్కతే. తక్కినవాళ్ళం తమాషా చూశాం. ఓడిన మిషను నేర్చుకుని తిరిగి వస్తుందని ఆమెకు తెలుసు.

వచ్చింది. ఎనభైలు సగం గడిచాక వచ్చింది. ఈసారి ఎనిమిది కదుళ్ళు. మోటారు పైకి ఎక్కించి, బెల్టు వేసి, కింద నీళ్ళ తొట్టి పెట్టారు. వోల్టేజి పడిపోకుండా పక్కన ఒక పెట్టె. కాగితం మీద చదివినప్పుడే నాకు అర్థమైంది, ఈసారి తెగదు. ఓనరు సభ తేదీ చెప్పగానే నేను ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. ఎందుకు పోతున్నావని అడిగితే పాంప్లెట్లు పంచడానికన్నాను. నిజానికి నాకు వేరే పని ఉంది. అప్పుడు వీధిలోకి పిలిచి నిలబెట్టిన మనిషికి, ఈసారి వార్త మైకులో తెలియకూడదు.

అక్క అదే ఇంట్లో, పూడ్చిన గుంత మీదే కూర్చుని ఉంది. కుడి భుజం కొంచెం కిందికి దిగింది. చేయి పైకి లేపమంటే చెవి దాకా వచ్చి ఆగిపోయేది. నేను నసుగుతూ చెప్పాను. ఆమె చక్రం ఆపకుండానే విన్నది.

"తడి నూలు సుడతాదా?"

"సుడతాదక్కా."

"దారం తెగితే దానంతట అదే ముడి యేసుకుంటాదా?"

"అదెట్లేసుకుంటాది?"

"కండె నిండినాక యెవరు తీస్తారు? తొట్టిలో నీళ్ళు యెవరు పోస్తారు?"

"యెవరో ఒక మనిషి ఉండల్ల."

అప్పుడు చక్రం ఆపింది. "ఆ మనిషి యెవరని రాసినారు నీ కాగితంలో?"

నేను తిరుగు బస్సులో ఆదోని దాకా ఆ ప్రశ్నను మోసుకుంటూ వచ్చాను. ఓనరు ముందు నిలబడి, ఈసారి మిషను నడిపి చూపించేది కంపెనీ మనిషి కాదు, ఆ అక్కే అన్నాను. ఆయన కుదరదన్నాడు. తడి నూలు సంగతి తెలియని కంపెనీ మనిషిని ఒకసారి తీసుకుపోయాం గదా అన్నా, ఊరి ఫ్యూజులన్నీ మనమే వేయించి ఇచ్చినాం గదా అన్నాను. ఆయనకు ఆ ఉదయం గుర్తొచ్చి, "సరే, పిలుచుకుని రాపో," అన్నాడు.

మిషను నేర్చుకోవడానికి ఆమె అయిదు రోజులు పొద్దున బస్సుకు ఆదోనికి వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్ళింది. మొదటి రోజు ఆమెను చూస్తే నాకు నవ్వూ, ఇంకేదో కూడా వచ్చింది. ఎడమ చేయి దారాన్ని పట్టుకుంటే, చేసేందుకు పనిలేని కుడి చేయి ఆమె ఒడిలో గుండ్రంగా తిరుగుతూనే ఉంది. లేని చక్రాన్ని తిప్పుతోంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. మూడో రోజుకు ఆ చేయి ఆగింది. నాలుగో రోజు ఆమె, కంపెనీ ఈసారి పంపిన కొత్త ఇంజనీరును కూర్చోబెట్టి, "తొట్టి ఇంకా నాలుగు వేళ్ళు కిందికి దించప్పా, దారం మరీ నీళ్ళు తాగుతాంది," అంది. పాపం ఆ పిల్లవాడు మంచివాడు, దించాడు.

సభ రోజు ఎమ్మిగనూరులోనే ఒక కల్యాణ మంటపంలో కుర్చీలు వేశాం. ప్లాస్టిక్ దండ, టీ, బిస్కెట్లు, రంగుల కాగితాలు. అక్క కొత్త చీర కట్టుకుని మిషను ముందు కూర్చుంది. తొలిసారి నీళ్ళు చిమ్మినప్పుడు ఎగిరి గంతులేసినవాళ్ళు ఇప్పుడు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. ఆమె మీట నొక్కింది. ఎనిమిది కదుళ్ళూ తిరిగాయి. ఒక దారం తెగింది, చూసేలోపు అక్క ముడి వేసేసింది. కండెను అక్కడే పెట్టిన మగ్గం మీద నేసి చూపించారు. తెగలేదు. నేను జోకులు వేశాను, మర్యాదకు నవ్వారు. ఒకాయన కరెంటు ఎంత కాలుతుందని అడిగాడు. ఇంకొకాయన బెల్టు ఎక్కడ దొరుకుతుందన్నాడు. నేతగాళ్ళు కొందరు కలిసి ఒక షెడ్డులో పెట్టుకుంటామన్నారు, నడపడానికి అక్కనే రమ్మన్నారు. ఆమె సరేనంది. అరగంటలో సభ అయిపోయింది. చేతులు కడుక్కుని వెళ్ళినట్టు వెళ్ళిపోయారు అందరూ.

అన్నీ బాగుపడ్డాయని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ వీధిలో రాట్నం మీద బతికే ఆడవాళ్ళు ఇంకా చాలామంది ఉండేవాళ్ళు. అక్క పట్టుబట్టి ఇద్దరిని తనతో షెడ్డులో కూర్చోబెట్టుకుంది. తక్కినవాళ్ళు పత్తి చేలకూ, శనక్కాయలు వలిచే పనికీ వెళ్ళారు. వాళ్ళ గురించి నేను ఏ మైకులోనూ చెప్పలేదు, ఇక్కడైనా చెప్పాలి.

జనం వెళ్ళాక ఖాళీ కుర్చీల మధ్య నేను వైర్లు చుడుతున్నాను. మనసంతా చప్పగా ఉంది. ఇంత బాగా నడిచిన మిషను నా చేతుల మీదుగా ఎన్నడూ పోలేదు, అయినా నాకు ఏదో పోయినట్టే ఉంది. అక్క ఒక మూల కూర్చుని సద్ది మూట విప్పుతోంది.

"ఏమక్కా, ఈసారి మజానే రాలేదు. ఒకరు అరవలా, ఒకరు ఎగరలా. కనీసం ఫ్యూజన్నా పోలా. ఆ అమావాస్య దినం సూడు, ఎట్లుండె!"

ఆమె రొట్టె తుంచి, కారం అద్దుకుని, నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"నీకు మజా వచ్చిన ఆ రెండు దినాలూ నాకు గొంతులో బువ్వ దిగలేదు నాయనా. ఈ పొద్దు ఆకలైతాంది. వెలుతురుకు అడ్డం నిలబడినావు, రోంత జరుగు."